ఏడేళ్ల ద్వీపాంతరవాసం ముగిశాక ఆమె ఇంటికి తిరిగి వెళ్లగలిగేదా?

ప్రశ్న

చరిత్ర బాగా చదివిన మిత్రులకు నమస్కారం. నేను ఒక పెద్దకథ రాస్తున్నాను. అందులో ప్రధాన పాత్ర లివర్‌పూల్ నగరంలో ఒకరి ఇంట పనిచేసే పిల్ల. యజమానురాలి శాలువా, రెండు వెండి చెంచాలు దొంగిలించిందన్న నేరం మీద ఆమెకు ఏడేళ్ల ద్వీపాంతరవాస శిక్ష పడుతుంది. ఆమెను ఓడ ఎక్కించి వాన్ డీమెన్స్ ల్యాండ్‌కు, అంటే నేటి టాస్మానియాకు, పంపిస్తారు. ఆమె అక్కడ ఏడేళ్లూ గడిపి, చివరి అధ్యాయంలో తల్లి దగ్గరకు తిరిగి వచ్చినట్లు రాశాను.

రాసిన తరువాత అనుమానం పట్టుకుంది. ద్వీపాంతరవాసం అనగానే మనకు అండమాన్ జైలు గదులే కళ్లముందు మెదులుతాయి కాబట్టి, ఆమెను కూడా ఏదో కొట్టులో బంధించి ఉంచేవారనే ఊహతో మధ్య అధ్యాయాలు నడిపించాను. అయితే ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో స్త్రీ ఖైదీలను ఇళ్లలో పనికి పెట్టేవారని కనిపించింది. అది నిజమేనా? నిజమైతే వారిని ఖైదీలని ఎలా అనాలి? అన్నిటికంటే ముఖ్యంగా, గడువు తీరిన స్త్రీ ఇంగ్లండుకు తిరిగి వచ్చే వీలు ఉండేదా? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

మొదటి జవాబు

మీ కథలో మొదటి సగానికి చరిత్ర ఆధారం గట్టిగానే ఉంది. చిక్కంతా చివరి అధ్యాయంతోనే వచ్చింది.

1788 నుంచి 1868 వరకు ఆస్ట్రేలియాకు పంపిన ఖైదీలు సుమారు 1,62,000 మంది. వారిలో స్త్రీలు దాదాపు 25,000 మంది కాగా, ఇంచుమించు సగం మంది వాన్ డీమెన్స్ ల్యాండ్‌కే చేరారు. ఎక్కువ మంది మీ కథానాయికలాగే ఇళ్లలో పనిచేసినవారు, చేసిన నేరాలు కూడా ఎక్కువగా బట్టలు, గుడ్డ తానులు, ఇంటి సామాను వంటి చిన్న దొంగతనాలే. శాలువా, చెంచాలు అన్న మీ ఊహలో వంక పెట్టవలసింది ఏమీ లేదు.

ఇక తిరుగు ప్రయాణం సంగతి. ప్రభుత్వం ఖైదీని తన ఖర్చుతో అక్కడికి తీసుకువెళ్లేది గానీ, గడువు తీరినవారిని వెనక్కి తెచ్చే బాధ్యత తీసుకునేది కాదు. స్వేచ్ఛాపత్రం చేతికి ఇచ్చి, ఇక నీ దారి నీదే అన్నట్లు వదిలేసేది. మగవాడికైతే ఒక ఉపాయం ఉండేది. రేవులో ఆగిన ఓడలో నావికుడిగా చేరి, తెరచాపలు లాగో డెక్కు కడిగో, ఆ చాకిరీనే టికెట్టు కింద జమకట్టుకుని ఇంగ్లండుకు చేరుకోగలిగేవాడు. ఆడదానికి ఆ దారి లేదు. ఆమెను ఏ ఓడా నావికురాలిగా చేర్చుకోదు. సొంతంగా టికెట్టు కొనుక్కోవాలంటే పనిమనిషి సంపాదనతో ఏళ్లు పడుతుంది, ఆలోగా పెళ్లి, బిడ్డలు వచ్చి చేరతారు. కాబట్టి న్యాయమూర్తి నోట ఒకే ఏడేళ్ల శిక్ష వెలువడినా, అది మగవాడికి ఏడేళ్లే కావచ్చు గానీ స్త్రీకి చాలా సందర్భాల్లో జీవితకాలపు శిక్ష. తిరిగి వచ్చినవారు అసలు లేరని నేను అనడం లేదు. మీ నాయిక తిరిగి రావాలంటే ఆ డబ్బు ఎక్కడిదో మాత్రం మీరు పాఠకుడికి లెక్క చెప్పాలి.

ప్రయాణం గురించి మీరు అడగలేదు, అయినా కథకు పనికి వస్తుందని ఒక్క ఉదాహరణ చెబుతాను. 'రాజా' అనే ఓడ 180 మంది స్త్రీ ఖైదీలతో 1841 ఏప్రిల్ 5న లండన్ దగ్గరి వూలిచ్‌లో బయలుదేరి జూలై 19న వాన్ డీమెన్స్ ల్యాండ్ రేవుపట్టణం హోబార్ట్ చేరింది. అంటే 105 రోజులు. జైళ్లలోని స్త్రీల కోసం పనిచేసిన ఎలిజబెత్ ఫ్రై బృందం వారు, ఓడ ఎక్కే ప్రతి స్త్రీకీ ఒక మూట ఇచ్చేవారు. అందులో వంద సూదులు, గుండుసూదులు, రంగురంగుల దారాలు, ఒక కత్తెర, కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే తొడుగు, రెండు పౌన్ల బరువు గుడ్డముక్కలు ఉండేవి. ఆ 'రాజా' ఓడలోని స్త్రీలు ఆ ముక్కలన్నీ కలిపి ఒక పెద్ద బొంత కుట్టారు. మొత్తం 2,815 ముక్కలు. నడుమ పువ్వులు, పిట్టల బొమ్మలున్న చీటీగుడ్డ, అంచున సన్నని అక్షరాలతో కుట్టిన కృతజ్ఞతా వాక్యం. అది ఎటో పోయి, 1987లో స్కాట్లండులో ఒక ఇంటి అటక మీద దొరికింది. ఇప్పుడు ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలలో (నేషనల్ గ్యాలరీ) ఉంది. ఆ 180 మందిలో సూది పట్టడం ఓడ ఎక్కాకనే నేర్చుకున్నవారు కూడా ఉండే ఉంటారు. కుట్లన్నీ ఒక్క తీరుగా లేవని, కొన్ని ఆరితేరిన చేతివి, కొన్ని తడబడినవని చూసినవారు చెబుతారు.

హోబార్ట్‌లో దిగాక జరిగేది ఇది. ఒక్కొక్కరినీ నిలబెట్టి ఎత్తు, జుట్టు రంగు, కంటి రంగు, స్ఫోటకపు మచ్చలు, పచ్చబొట్లు అన్నీ పుస్తకంలో ఎక్కించేవారు. పారిపోతే పట్టుకోవడానికి చేసిన ఏర్పాటు అది. ఆ తరువాత పనిమనుషులు కావాలని దరఖాస్తు పెట్టుకున్న ఇళ్లకు వారిని అప్పగించేవారు. దీనినే అసైన్‌మెంట్ అనేవారు. తిండి, బట్ట, పడుకోవడానికి చోటు యజమాని ఇవ్వాలి. జీతం ఇవ్వాలన్న నియమం లేదు. ఆ ఇల్లు మంచిదైతే లివర్‌పూల్‌లో ఆమె చేసిన పనికీ ఇక్కడి పనికీ పెద్ద తేడా ఉండదు. చెడ్డదైతే పారిపోవడానికి దిక్కు లేదు. సెలవు లేకుండా బయటికి వెళ్లినా, ఎదురు మాట్లాడినా, తాగి కనిపించినా యజమాని ఆమెను మేజిస్ట్రేటు ముందుకు తీసుకువెళ్లవచ్చు. ఖైదీ అని ఎలా అనాలని మీరు అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. కొట్టు తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కానీ పని మానేసి వెళ్లిపోవడానికి ఆమెకు వీల్లేదు.

రెండవ జవాబు

పై మిత్రులు చాలా చక్కగా చెప్పారు. అయితే వారు మేజిస్ట్రేటు దగ్గర ఆగిపోయారు. అసలు కథ అక్కడి నుంచే మొదలవుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ మేజిస్ట్రేటు ఆమెను పంపేది ఫిమేల్ ఫ్యాక్టరీకి.

పేరు చూసి కర్మాగారం అనుకోకండి. అది జైలు, పనిచోటు, పురిటిల్లు, పనిమనుషులు దొరికే చోటు, అన్నీ కలిసిన ఒక విచిత్రమైన సంస్థ. న్యూ సౌత్ వేల్స్‌లో పారమట్టాలో ఒకటి ఉండేది. మీ కథకు కావలసింది హోబార్ట్ శివారులోని క్యాస్కేడ్స్. పాత సారాబట్టీని కొని, గోడలు ఎత్తు చేసి, 1828లో దానిని ఆడవారి ఖైదుగా మార్చారు. వెల్లింగ్టన్ కొండ నీడలో, వాగు పక్కన, పల్లంలో ఉంటుంది. నేను ఆ చోటు చూశాను. యార్డుల గోడలు, మేట్రన్ నివసించిన చిన్న ఇల్లు తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. అయితే మధ్యాహ్నం దాటగానే ఎండ కొండ వెనక్కి జారిపోయి, గోడల పాదాలు చెమ్మతో నల్లబడి ఉండడం మాత్రం ఇప్పటికీ చూడవచ్చు. ఆ నేల మీద పసిపిల్లలను పెంచారన్న సంగతి తెలిసి చూస్తే కాళ్లు కదలవు.

లోపల మూడు తరగతులు ఉండేవి. మొదటి తరగతి వారు ఇళ్లకు పనికి వెళ్లడానికి అర్హులు, వారి బట్టల మీద ఏ గుర్తూ ఉండదు. రెండవ తరగతి వారికి రవిక ఎడమ చేతి మీద పెద్ద పసుపుపచ్చ 'సి' అక్షరం ఉంటుంది. మూడవది నేరస్థుల తరగతి. వారికి వీపు మధ్యన ఒకటి, కుడి చేతి మీద ఒకటి, లంగా వెనుక భాగాన మరొకటి, మూడు అక్షరాలు. ఎటు తిరిగినా ఏదో ఒకటి కనబడాలన్నది ఉద్దేశం. పని ముఖ్యంగా చాకలిపని. బానల దగ్గర నిలబడి ఆసుపత్రి దుప్పట్లు, అనాథశాల పిల్లల బట్టలు ఉతకాలి. కొందరు ఉన్ని ఏకి నూలు వడికేవారు. మాట వినకపోతే రొట్టె, నీళ్లతో ఒంటరి గది. జుట్టు కత్తిరించడం కూడా ఒక శిక్షే. ఆకలినైనా ఓర్చుకున్నారు గానీ ఈ జుట్టు కత్తిరింపును మాత్రం స్త్రీలు చాలా అవమానంగా భావించారు.

అన్నిటికంటే దారుణమైనది గర్భిణుల పరిస్థితి. పనికి పెట్టిన ఇంట్లో యజమాని వల్లనో, ఆ ఇంటి కొడుకు వల్లనో, తోటి పనివాడి వల్లనో నెల తప్పితే ఆమెను తిరిగి ఫ్యాక్టరీకి పంపేవారు. అక్కడే కాన్పు. బిడ్డకు పాలు మాన్పించగానే తల్లిని బిడ్డ నుంచి వేరుచేసి, పెళ్లికాకుండా కన్నందుకు ఆరు నెలలు నేరస్థుల తరగతిలో వేసేవారు. తండ్రికి శిక్ష లేదు, అతని పేరు అడిగే తీరిక కూడా చాలాసార్లు ఎవరికీ ఉండేది కాదు. బతికిన పిల్లలను కొంత పెరిగాక న్యూ టౌన్‌లోని అనాథశాలకు చేర్చేవారు. బతకనివారు వందల్లో ఉన్నారు. చెమ్మ, కిక్కిరిసిన గదులు, తల్లిపాలు ముందే మాన్పించడం, విరేచనాలు, ఇవన్నీ కలిసి వారిని పొట్టనపెట్టుకున్నాయి. ఈ మరణాల మీద పట్టణంలో గోల పుట్టిన తరువాతనే పిల్లల విభాగాన్ని అక్కడి నుంచి మార్చారు.

ఈ స్త్రీలు తలవంచుకుని అన్నీ భరించారని మాత్రం రాయకండి. 1827 అక్టోబరులో పారమట్టా ఫ్యాక్టరీలో రొట్టె, చక్కెర కోత పెట్టినప్పుడు స్త్రీలు తలుపులు బద్దలుకొట్టి ఊరి మీద పడ్డారు. సైనికులు వెంటపడి పట్టుకుని తీసుకువస్తున్నప్పుడు కూడా, ఒడి నిండా రొట్టెలు, మాంసం మూటకట్టుకునే తిరిగి వచ్చారు. పట్టుబడ్డా తెచ్చుకున్నది వదలలేదు.

మూడవ జవాబు

తిరిగి రావడం గురించి మాట్లాడుకుంటూ మేరీ బ్రయంట్ పేరు ఎవరూ ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. ఆమె తిరిగి వచ్చింది. అయితే ఎలా వచ్చిందో తెలిస్తే మీ చివరి అధ్యాయాన్ని మీరే తీసేస్తారు.

ఆమె కార్న్‌వాల్‌కు చెందినది. 1786లో దారిదోపిడీ నేరం మీద మొదట ఉరిశిక్ష పడి, తరువాత అది ఏడేళ్ల ద్వీపాంతరవాసంగా మారింది. 1788లో సిడ్నీకి చేరిన మొదటి ఖైదీ ఓడల బృందంలో వెళ్లింది. దారిలోనే ఓడ మీద కూతురిని కన్నది, సిడ్నీలో విలియం బ్రయంట్ అనే తోటి ఖైదీని పెళ్లాడి కొడుకును కన్నది. ఆ తొలి ఏళ్లలో వలస అంతా ఆకలితో అల్లాడిపోయింది. ఇంకొక విడ్డూరం ఏమిటంటే, ఎవరి శిక్ష ఎప్పటితో ముగుస్తుందో తెలిపే కాగితాలు ఆ ఓడలతో రానేలేదు. నా గడువు తీరిపోయిందని ఖైదీ మొత్తుకున్నా గవర్నరు దగ్గర చూసుకోవడానికి చిట్టా లేదు.

1791 మార్చి 28 రాత్రి ఆ దంపతులు ఇద్దరు పిల్లలతో, మరో ఏడుగురు ఖైదీలతో గవర్నరు పడవనే ఎత్తుకుపోయారు. ఒక డచ్చి ఓడ కెప్టెను దగ్గర సంపాదించిన దిక్సూచి, సముద్ర పటం వారి ఆధారం. కప్పు లేని పడవలో 69 రోజులు, దాదాపు 5,000 కిలోమీటర్లు ప్రయాణించి తిమోర్ దీవిలోని కుపాంగ్‌కు చేరారు. పదకొండు మందీ ప్రాణాలతోనే చేరారు, చంటిబిడ్డతో సహా. ఓడ మునిగి బతికి బయటపడ్డామని అక్కడివారిని కొంతకాలం నమ్మించారు. తరువాత గుట్టు రట్టయింది. బతేవియాలో, అంటే నేటి జకార్తాలో, కొడుకు, భర్త జ్వరాలతో పోయారు. ఇంగ్లండుకు తీసుకువస్తున్న ఓడ మీద 1792 మేలో కూతురు కూడా పోయింది. గడువు తీరకముందే తిరిగివస్తే ఉరితీసే రోజులవి. కోర్టు అంతదూరం పోక, పాత శిక్షనే కొనసాగించమంది. జేమ్స్ బాస్వెల్ అనే న్యాయవాది, రచయిత ఆమె తరఫున పట్టుబట్టడంతో 1793 మేలో క్షమాభిక్ష దొరికింది. ఏడాదికి పది పౌన్ల భత్యం కూడా ఆయనే ఏర్పాటు చేశాడు. సిడ్నీ నుంచి తెచ్చుకుని అంత ప్రయాణంలోనూ దాచుకున్న కొన్ని తేనీటి ఆకులను ఆమె ఆయనకు ఇచ్చింది. ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్న మనిషి దగ్గర చివరికి మిగిలినవి ఆ ఎండుటాకులు.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణగా మేరీ రీబీ పేరు చెబుతారు. గుర్రం దొంగిలించినందుకు పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో, మగపిల్లవాడి వేషంలో పట్టుబడి, 1792లో సిడ్నీకి చేరిన ఆమె తరువాత ఓడల యజమానురాలిగా, పెద్ద వర్తకురాలిగా ఎదిగింది. ఇప్పుడు ఆస్ట్రేలియా 20 డాలర్ల నోటు మీద ఉన్నది ఆమె బొమ్మే. ఆమె కథ నిజమే. కానీ ఖైదీ కాని, తరువాత ఓడల వ్యాపారం చేసిన స్వేచ్ఛాపరుడిని పెళ్లాడి, అతని మరణానంతరం వ్యాపారం చేతికి వచ్చిన స్త్రీతో 25,000 మందినీ కొలవడం న్యాయం కాదు.

ప్రశ్న అడిగినవారి మాట

అందరికీ కృతజ్ఞతలు. లంగా వెనుక కుట్టిన అక్షరం గురించి చదివిన తరువాత, నేను రాసిన జైలు గది వర్ణన మొత్తం కొట్టివేశాను. ఇంకొక సందేహం ఉంది. ఆ కాలపు రాతల్లో ఈ స్త్రీలందరినీ చెడిపోయినవారుగానే వర్ణించారు. దానిని ఎంతవరకు నమ్మవచ్చు? పెళ్లి చేసుకునే స్వేచ్ఛ వారికి ఉండేదా? నా కథ 1845లో మొదలవుతుంది. ఆమె ఓడ దిగగానే ఒక న్యాయవాది ఇంట్లో పనికి కుదిరినట్లు ఇప్పుడు మార్చి రాస్తున్నాను.

మొదటి జవాబు రాసినవారు

ఆ మాటను అన్నది ఎవరో చూసి నమ్మాలి. వ్యభిచారం ద్వీపాంతరవాసానికి పంపదగిన నేరమే కాదు. ఆ నేరం మీద ఎవరినీ పంపలేదు. ఆ మొదటి ఖైదీ ఓడలతో వచ్చిన రాల్ఫ్ క్లార్క్ అనే లెఫ్టినెంటు తన దినచర్యలో ఈ స్త్రీలను నోటికి వచ్చినట్లు తిట్టిపోశాడు, ఇంటి దగ్గర ఉన్న భార్యను దేవతగా కొలిచాడు. ఆ పెద్దమనిషే నార్ఫోక్ దీవిలో మేరీ బ్రానమ్ అనే ఖైదీ స్త్రీతో 1791లో బిడ్డను కన్నాడు, ఆ బిడ్డకు అలీషియా అని తన భార్య పేరే పెట్టాడు. పాదరీ శామ్యూల్ మార్స్‌డెన్ 1806లో తయారుచేసిన స్త్రీల జాబితాలో ఆంగ్లికన్ చర్చిలో జరిగినదే పెళ్లి. కేథలిక్కు పద్ధతిలో పెళ్లాడిన ఐరిష్ ఇల్లాళ్లు కూడా ఉంపుడుగత్తెల లెక్కలోకే పోయారు. ఇలాంటి కాగితాలు లండన్ చేరి, అక్కడ వాటినే సాక్ష్యాలుగా చదువుకున్నారు.

పెళ్లికి ప్రభుత్వ అనుమతి కావాలి. అనుమతి దొరికితే ఆమెను భర్తకే అసైన్‌మెంటుగా అప్పగించడం కూడా ఉండేది. అంటే మొగుడే యజమాని, మాట వినలేదని ఆమెను మేజిస్ట్రేటు ముందు నిలబెట్టగల అధికారం కూడా అతనికే. అయినా చాలామంది పెళ్లికే మొగ్గుచూపారంటే, ఫ్యాక్టరీ కంటే అదే నయమని వారు లెక్కవేసుకున్నారన్నమాట. ఆ లెక్కను తప్పుపట్టడానికి మనమెవరం?

1845 అన్నారు కాబట్టి ఒక సవరణ తప్పదు. నేను మొదట వివరించిన అసైన్‌మెంట్ పద్ధతి అప్పటికి స్త్రీలకు కూడా పోయింది. 1844 నుంచి 1850 వరకు, ఓడ దిగిన స్త్రీలను ముందుగా హోబార్ట్ దగ్గర డెర్వెంట్ నదిలో లంగరు వేసి ఉంచిన 'ఆన్సన్' అనే పాత యుద్ధనౌకకు చేర్చేవారు. తెరచాపలు తీసేసిన ఆ ఓడే వారికి ఖైదు. బౌడెన్ దంపతుల పర్యవేక్షణలో ఆరు నెలలు అక్కడ కుట్టుపని, చాకలిపని, ఇంటిపని నేర్చుకుంటూ గడపాలి. ఆ తరువాతనే పాస్‌హోల్డర్ అనే హోదా దొరుకుతుంది, ఇళ్లలో పనికి కుదిరితే ఒప్పందం ప్రకారం జీతం కూడా ఉంటుంది. కాబట్టి మీ నాయికను దిగగానే న్యాయవాది ఇంటికి పంపకండి. నెలల తరబడి ఓడలో వచ్చిన మనిషి, నేల మీద నాలుగు అడుగులు వేసీ వేయకముందే మళ్లీ ఇంకొక ఓడ ఎక్కుతుంది. నది ఒడ్డున ఊరి దీపాలు కనిపిస్తూనే ఉంటాయి. ఆ ఆరు నెలల అధ్యాయం మీ దగ్గర ఇంకా లేదు, ముందు అది రాయండి.